ఉగ్గుగిన్నెలో చుక్కలు

కార్ఖానా ఏరియాలోని పిల్లల క్లినిక్‌లో, పూజిత ఒళ్లో తొమ్మిది నెలల కొడుకు మళ్లీ కక్కుకున్నాడు.

పక్కనున్న ముసలామె పైటచెంగుతో వాడి మూతి తుడవబోయింది.

పూజిత బిడ్డను ఇటు లాక్కుంది. నలిగిన చీర, ఎవరో ఏమో!

"నీళ్లకి ఎగబడుతున్నాడా తల్లీ? ఊరికే ఒంటేలు పోస్తున్నాడా? దొడ్డికి మాత్రం రావట్లేదా?"

పూజిత ఉలిక్కిపడింది. "మీకెలా తెలుసు?"

"బలం మందు ఏమన్నా పోస్తున్నారా?"

"డి విటమిన్ చుక్కలు. అపార్ట్‌మెంట్లో ఎండెక్కడ తగుల్తుందండీ? చుక్కలు కొలిచే గొట్టం విరిగిపోయింది. రెండు నెలల్నుంచి మా అత్తగారు ఉగ్గుగిన్నెలో వంపి పూటపూటా తాగిస్తున్నారు."

ముసలామె మొహం పాలిపోయింది.

"ఇవాళే ఆపెయ్యమ్మా! డాక్టరుగారికి ఈ సంగతి చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటాను."

పూజితకు చిర్రెత్తుకొచ్చింది. మాదాపూర్‌లో పాతికమంది చేత పని చేయించే తనకు ఈమె పాఠాలా?

కాంపౌండరు లూకా నవ్వాడు. "పట్టించుకోకండి మేడం. రోజూ వస్తది, అందర్నీ గిట్లనే అడుగుతది."

లోపల డాక్టరు అడిగాడు. "ఇంట్లో మందులేమైనా వాడుతున్నారా?"

"లేదండీ."

ఆమె అబద్ధమాడలేదు పాపం. విటమిన్ మందెలా అవుతుంది? బలమే కదా! అమృతమైనా మితం తప్పితే విషమేనని అందరం అంటాం. పిల్లాడి నోట్లో పోసేటప్పుడు మాత్రం గుర్తు రాదు.

వాంతులకు మందు రాయించుకుని, మోగుతున్న సెల్‌ఫోను ఎత్తుతూ పూజిత బయటపడింది.

వారం తిరిగేసరికి బాబు మగతలోకి జారిపోయాడు.

పెద్దాసుపత్రిలో రక్తం పరీక్ష చేశారు. తాగించిన విటమినే ఒంట్లో కాల్షియం పెంచి విషమైందన్నారు. ప్రాణం దక్కింది. మూత్రపిండాలు మాత్రం మునుపటిలా పనిచేయవన్నారు. వారం ముందు ఆపి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదన్నారు.

ఆ మాటకు పూజిత గుండె చెరువైంది. బాబు ఇంటికొచ్చాక, ముసలామె కాళ్ల మీద పడాలని క్లినిక్‌కి పరుగెత్తింది.

ఆమె కనిపించలేదు.

"రోసమ్మనా?" లూకా తల వంచుకున్నాడు. "పోయిన ఆదివారం చనిపోయింది మేడం. గుండెపోటు."

పూజిత ఆ రోజు ఆమె కూర్చున్న చోటువైపు చూసింది.

"నర్సుగా చేసేవారా ఆవిడ?"

"లేదు మేడం, సంతకం సుత రాదు. సమాధి కాడ ఆమె బిడ్డ చెప్తె మాకూ తెలిసింది, మనవడు మస్తు బలంగ గావాలని గదే మందు చెంచాలతోని తాగిపిచ్చి, తన ఒళ్లోనే పోగొట్టుకున్నదంట."