అండర్‌గ్రౌండ్ స్టేషన్

"అండర్‌గ్రౌండ్‌ల స్టేషనేందిరా? స్టేషనంటే ఇదీ," అంటూ ఎస్సై లాఠీతో బల్ల మీద కొట్టాడు.

లాలు పళ్లు బిగబట్టాడు. బీఏ పాసైన తనను తండాలో అందరూ సారూ అని పిలుస్తారు. ఇక్కడ మాత్రం ఒరే. కటకటాల వెనక తండ్రి బిచ్యా మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. ముసలాయన చేసిన నేరమల్లా ఒకటే. చాయ్ హోటల్లో ఎవరో చిన్నకొడుకు జైరాం జాడ అడిగితే, అండర్‌గ్రౌండ్‌లో పని చేస్తున్నాడని గర్వంగా చెప్పాడు. ఈ అడవి పక్క ఊళ్లలో ఆ మాటకు వేరే అర్థం లేదు, దళంలో కలిశాడనే. సాయంత్రానికల్లా తండాకు జీపొచ్చింది.

"కలకత్తాల భూమి కింద రైలేస్తున్నరు సార్. మా తమ్ముడు ఆడ కూలికి పోయిండు. బొమ్మలు మంచిగ గీస్తడు. ఆ స్టేషన్ కట్టేది రంగులేసి గీసి పంపిండు, సూడుండ్రి."

ఆ బొమ్మ పోయిన నెల పోస్టులో వచ్చిందని ఈ పొద్దున తల్లి ద్వాలి చెప్పేదాకా లాలుకూ తెలియదు. ఆమె గంపలోంచి అట్ట తీసి తానే ఎత్తి పట్టుకుంది. నేలను చీల్చిన పెద్ద గోతి, అడ్డంగా ఇనుప దూలాలు, అడుగున సగం కట్టిన ప్లాట్‌ఫారం, తట్టలు మోసే ఆడవాళ్లు. పైన ఎక్కడో గీతంత ఆకాశం.

ఎస్సై చాలాసేపు చూశాడు. ఇలాంటి ఫొటో పేపర్లో చూశానని గొణిగి, ఇదంతా ముందే చెప్పొచ్చు కదరా అన్నాడు.

"చెప్పినం. మీరు ఇనలే. తెల్వకుంటే అడగాలె సార్, ఒక్క ఇంగ్లీషు మాటకు ముసలోణ్ని కొట్టుడేంది?" లాలు బల్ల మీదికి వంగి అడిగాడు.

ఎస్సై మొహం తిప్పుకుని తాళం తీయమన్నాడు.

రోడ్డెక్కినా లాలు కోపం చల్లారలేదు. కలెక్టరుకు అర్జీ పెడతానన్నాడు. పేపరోళ్లకు ఎక్కిస్తానన్నాడు. జైరాంను కలకత్తా నుంచి పిలిపించి ఆ ఎస్సై ముందే నిలబెడతానన్నాడు. ద్వాలి గంప కుదపకుండా పట్టుకుని నడుస్తోంది.

బిచ్యా కుంటుతూ వెనకబడ్డాడు. సత్తుపల్లి బస్సు దూరంగా కనబడింది.

"యాడీ, నువ్వు బాపును పట్టుకో," అని తల్లితో అంటూ లాలు ఆమె గంపలోని బొమ్మ తీసి చంకలో పెట్టుకోబోయాడు.

ద్వాలి గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది. అటూ ఇటూ చూసి, చెవిలో చెప్పింది.

"రంగింకా ఆరలే కొడుకా."