దాలమ్మ కట్టిన ముడి

ఒడ్డున వేసిన బల్ల మీంచి బోట్ల ఆఫీసరు పెన్ను మూడోసారి దొర్లి ఇసకలో పడింది.

దాలమ్మ గాలానికి కట్టే తీగ తుంపి, పెన్నుకి రెండు చుట్లు బిగించి, కొస పక్కకి వంచింది.

"ఇంక దొర్లదు బాబూ. మా ఆయన పోనాడు, బోటు నా పేర్న రాయండి."

"భలే ముడి! ఎవరు నేర్పారు?"

"నేర్పీదెవులు? మా పేట మగోళ్ల గాలాలన్నిటికీ నానే కడతాను. సొర లాగినా ఊడదు."

ఆఫీసరు ఆ పెన్నుతోనే ఆమె దరఖాస్తు మీద రాసి, పైకి చదివాడు. "ఆడమనిషి. వేట పని తెలియదు. తిరస్కరించడమైనది."

తర్వాత నవ్వాడు. "మా ఆఫీసు పెన్నులకీ ఓ పది కట్టమ్మా."

"నాకు పని తెల్దని ఇప్పుడే రాసినారు కదా బాబూ. తెలిసిన మగోళ్ల సేత కట్టించుకోండి."

పేట మగాళ్లంతా అక్కడే ఉన్నారు. ఒక్కడూ ముందుకు రాలేదు.