పలకరింపు

"ఏవండీ, ఆ సంచిలో ఏంటి?" చర్చి గుమ్మంలో సువార్తమ్మ భర్తను ఆపింది.

నిత్యానందం సంచి విప్పాడు. లోపల నల్లబడి, గింజలు కంకుల మీదే మొలకెత్తిపోయిన వరి పన, ఓ చిన్న కట్ట. కొల్లేరు ఎగదన్ని ముంచేసిన తమ చేలోది.

"కోతల పండగకి దేవుడికి కుళ్లిన పన తెస్తారా ఎవరైనా? కానుక కవరు నా దగ్గరుందిగా!"

ఆ కవరంటే ఆమెకు గర్వం. పంట నష్టం డబ్బు నేరుగా ఖాతాలో పడింది. ఈసారి అప్పుకోసం ఎవరి గడపా తొక్కలేదు. కూతురు జెస్సీకి కాలేజీ ఫీజు కట్టారు. రెండో పంట దాళ్వాకి విత్తనాలు కూడా కొన్నారు.

"గవర్నమెంటు ఇచ్చింది కదండీ. ఇంకా ఎందుకా దిగులు?"

"ఇచ్చారు, కాదన్లేదు." ఆయన పన మీది మట్టి దులిపాడు. "మన గేదె చచ్చిపోతే ఊరంతా వచ్చి 'ఎంత బాగా పాలిచ్చేదో' అని పలకరించారు. చేను పోతే ఒక్కరూ రాలేదు సువార్తా. ఎదురైన ప్రతివాళ్లూ 'డబ్బులు పడ్డాయా' అనే అడిగారు."

సువార్తమ్మకు గుర్తొచ్చింది. డబ్బు పడినట్టు మెసేజ్ వచ్చిన రోజు ఆయన మోకాళ్లదాకా బురదతో చేలోంచి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. తను ఫోను పట్టుకుని, నవ్వుకుంటూ ఎదురెళ్లింది.

లోపల పాట మొదలైంది. నీళ్లెక్కని మెరక చేల వాళ్లు బంగారు రంగు పనలు భుజాన పెట్టుకుని వెళ్తున్నారు.

ఆమె నల్లటి పనను కొత్త చీర కొంగులోకి తీసుకుంది.

"ఎంత బాగా ఈనిందండీ ఈ ఏడు మన చేను!" అంది.

అప్పుడు ఏడ్చాడాయన.