మూడు డబ్బాల్లో గుర్రం

ఒకే గుర్రాన్ని మూడు కంప్యూటర్లలో పరిగెత్తించి చూపిస్తే తప్ప కొనేది లేదని నరసింహాచారి భీష్మించుకు కూర్చున్నాడు.

సుందరరాజుకు ఇట్లాంటి గిరాకీ ఎప్పుడూ తగల్లేదు. నంద్యాల బస్టాండు వెనక మేడమీద ఆయనది కంప్యూటర్ల షాపు. రెండు వేల నాలుగో సంవత్సరం కదా, ఇంజనీరింగు సీటొచ్చిన పిల్లల తండ్రులు రావడం, రేటడగడం, యూపీఎస్ ఊరికే ఇమ్మని ప్రాణం తియ్యడం, అంతే. లోపల ప్రాసెసర్ ఏదని అడిగిన పాపాన పోయినవాడు లేడు. ఈయన చూస్తే ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కే శిల్పి. మోచేతులదాకా రాతిపొడి. అడిగేదేమో ఆటలు బాగా ఆడే కంప్యూటర్.

"ఆటలెవురికి ఆచారీ, పిల్లోల్లకా?"

"నాకే."

సుందరరాజు నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగాడు. దొర్నిపాడు పెద్దరైతు ఒకాయన కొత్త ఇంటి ముందర నిలపడానికి దౌడు తీసే గుర్రాన్ని చెక్కమన్నాడట. చెక్కి పంపితే రెండుసార్లు వెనక్కి పంపాడట. ఇది దౌడు తియ్యడం లేదు, దాణా కోసం నిలబడింది అన్నాడట, అదీ పదిమంది ముందర. నిజం గుర్రాన్ని తోలించి చూస్తే కాళ్లు కంటికి చిక్కవు, నిలబెట్టి చూస్తే నాలుగూ నేలమీదే ఉంటాయి. కూతురి రిజల్టు చూడ్డానికి నెట్ సెంటరుకు పోయినప్పుడు పక్క కంప్యూటర్లో ఎవరో ఆడే ఆటలో గుర్రం దౌడు తీస్తూ కనబడింది. ఆ రోజు నుంచి ఆచారికి వేరే ధ్యాస లేదు.

"ఉగాదికి మూడోది ఇయ్యాల. అది గూడా వెనక్కొస్తే ఉలి ఎత్తి అటకమీద పెట్టేస్తా," అన్నాడు.

సుందరరాజుకు జాలేసింది. మూడు డబ్బాలు వరసగా పెట్టి మూడింట్లోనూ గుర్రపు ఆట ఎక్కించాడు.

మొదటిది చిన్న ప్రాసెసర్. బొమ్మ గీసే కార్డు వేరేగా లేదు, మదర్‌బోర్డు మీద ఉన్నదే గతి. గుర్రం నాలుగు అంగలు వేసి గాల్లోనే బిగుసుకుపోయింది. కాసేపటికి ఉలిక్కిపడినట్టు కదిలి ఇంకోచోట తేలి మళ్లీ బిగుసుకుంది. ఆచారి ముందుకు వంగి, మొలలోంచి కొలతల నూలుదారం తీసి గాజుమీద ఆనించబోయాడు. రాతిపొడికి తెర గీసుకుపోతుందని సుందరరాజు ఆయన చెయ్యి పట్టుకుని, ఇది ఆటలకు పనికిరాదులే అని నచ్చజెప్పి రెండో డబ్బా దగ్గరికి లాక్కుపోయాడు.

రెండోదాంట్లో ప్రాసెసర్ పెద్దది, కార్డు మాత్రం ఇందులోనూ లేదు. గుర్రం కాస్త మేలు. అయినా కుంటుతూనే ఉంది.

"ప్రాసెసర్ పెద్దదైతే గుర్రానికి ఒరిగిందేందప్పా?" అని అడిగాడు ఆచారి.

సుందరరాజుకు హుషారొచ్చింది. నాలుగేళ్లలో ఒక్కరూ అడగని ప్రశ్న. ప్రాసెసర్ లెక్కలు కడుతుందనీ, కార్డు బొమ్మలు గీస్తుందనీ, కార్డు లేకపోతే ఆ గీతపని కూడా ప్రాసెసర్ నెత్తినే పడుతుందనీ వివరించాడు. తెరమీద కనబడేది పరుగు కాదు, వరసగా గీసే బొమ్మలు. సెకనుకు ముప్పై బొమ్మలు పడితే కంటికి పరుగు, రెండే పడితే కుంటుడు.

"అంటే కొలతలు చెప్పేటోడు ఒకడు, ఉలి పట్టేటోడు ఒకడు. మా పని లెక్కనే," అన్నాడు ఆచారి. "ఉలి పట్టేటోడు లేకుంటే కొలతలోడు ఎంత మొనగాడైనా ఏం లాభం."

ఇంజనీరింగు పిల్లలకు కూడా ఇంత తొందరగా ఎక్కదు. సుందరరాజు ముచ్చటపడి మూడో డబ్బా ముందు ఆయన్ని కూర్చోబెట్టాడు. ప్రాసెసర్ మళ్లీ ఆ మొదటి చిన్నదే, మిగిల్చిన దుడ్లతో గ్రాఫిక్స్ కార్డు వేశాడు. తక్కువలో ఆటలకు ఇంతకు మించింది లేదని ఆయన నమ్మకం.

గుర్రం నీళ్లు జారినట్టు పోయింది. జూలు ఎగిరింది. గిట్టల కింద దుమ్ము లేచింది. నీడ పక్కనే పరిగెత్తింది. ఆచారి నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఎండ ఎటునుంచి పడుతోందో, నీడ సరిగ్గా అటే పోతోందో లేదో పరీక్షగా చూసి, గీసినవాడెవడో గానీ చెయ్యెత్తి మొక్కాల అన్నాడు. ఎంత బాగుందో, ఎంత బాగుందో అని తనలో తనే అనుకున్నాడు.

మధ్యలో ఫోనొస్తే సుందరరాజు ఆట ఆపాడు. తెరంతా నల్లబడి ఇంగ్లీషు అక్షరాలొచ్చాయి. గుర్రం ఏదని ఆచారి కంగారుపడితే మళ్లీ పరిగెత్తించాడు.

ఆ తర్వాత ఆచారి మొదటిదాని దగ్గరికి, రెండోదాని దగ్గరికి, మళ్లీ మూడోదాని దగ్గరికి తిరిగాడు. ఆళ్లగడ్డ బస్సులు రెండు పోయాయి. ఇంక తేల్చేది ఏముందని సుందరరాజు మూడోదాని వైర్లు పీకి, అట్టపెట్టె తెచ్చి అందులో దించబోయాడు.

"అది కాదప్పా. ఆ మొదటిది కట్టియ్యి."

సుందరరాజు ఆశ్చర్యపోయాడు. రేటు చూసి జంకాడేమోనని, మిగతాది నెల తర్వాత ఇచ్చినా పర్వాలేదన్నాడు. దుడ్ల సంగతి కాదన్నాడు ఆచారి.

"అది ఆగి ఆగి పోతాది గదా ఆచారీ. అట్లాంటిది నీకు అమ్మాలంటే నాకే సిగ్గుగా ఉండాది."

నరసింహాచారి మొదటి తెర ముందు నుంచి కదల్లేదు. అందులో గుర్రం నాలుగు కాళ్లూ గాల్లోకి ఎత్తి అట్లాగే నిలబడి ఉంది.

"పరిగెత్తతా పరిగెత్తతా నా కోసం ఆగిన గుర్రం ఇదొక్కటేనప్పా."