తాళంచెవి మామ రెండోసారి

“ఆ కథనే మళ్లా ఏస్తారంట!” అంటూ ఎదురింటి వరదయ్య వాకిట్లోనుంచే అరుచుకుంటూ వచ్చాడు. “తాళంచెవి మామ కథ!”

కాఫీ లోటాలతో వస్తున్న పంకజాక్షి వంటింటి గడపలోనే ఆగిపోయింది.

ఆమె మామ మునిరామయ్య అప్పటికే టీవీ దగ్గరికి నడిచాడు. మొలతాడుకు కట్టుకున్న తాళంచెవితో, నడుము బాగా వంచి, టీవీ పెట్టె చెక్క తలుపుల తాళం తీశాడు. చిత్తూరులో ఆ వీధి మొత్తానికీ అదొక్కటే టీవీ. బెల్లం మండీ తాళాలైనా గుమాస్తా చేతికిస్తాడు గానీ, ఈ తాళంచెవి మాత్రం కన్నకొడుక్కు కూడా ఇవ్వడు.

పోయినేడాది కొంప ముంచింది ఆ తాళంచెవే. ఆదివారం సాయంత్రాలు హైదరాబాదు నుంచి వచ్చే ఆ నవ్వుల నాటికకు కథలు పంపేది చూసేవాళ్లే. వద్దంటే పంపినవాళ్ల పేరు బయటపెట్టరు. ఒక వారం అందులో ముగ్గురు వచ్చారు: మొలతాడుకు టీవీ తాళంచెవి కట్టుకుని తిరిగే బెల్లం వ్యాపారి, చక్కెర డబ్బా తలకింద పెట్టుకుని పడుకునే అత్త, ఇద్దరి మధ్యా టైపు నేర్చుకునే కోడలు. వీధి వీధంతా ఈ ఇంటి హాల్లోనే కూర్చుని, ఈ ఇంటివాళ్లను చూసి పొట్టలు పట్టుకుని నవ్వింది. మర్నాటికల్లా మండీలో కూలీలు కూడా చాటుమాటుగా ‘తాళంచెవి మామ’ అనడం మొదలుపెట్టారు.

“ఇంటి గుట్టు ఇంటోళ్లకే తెలిసేది. ఈ ఇంట్లో టైపు కొట్టేది ఎవురు?” అన్నాడు ఆ రోజు మునిరామయ్య.

“నేను రాయలా మామా. ఏడుకొండలసామి మీద ఒట్టు!”

సామి సాక్ష్యం కూడా చెల్లలేదు. టైపు క్లాసు ఆగిపోయింది. తలనొప్పని మానేసిందంటూ వీధికి చెప్పారు. టైపు హయ్యరు పరీక్ష ఒకటి కళ్లముందే పోయింది. వచ్చే నెల పరీక్షా అదే దోవలో ఉంది. అది పాసై ఉద్యోగానికి అర్జీ పెట్టుకోవాలని పెళ్లికి ముందు నుంచీ పంకజాక్షి ఆశ. మొగుడు ధనంజయతో చెప్పుకుంటే, అతను ఫ్యాను వంక చూశాడు. కష్టమైన సంగతి ఏదొచ్చినా అతను చూసేది ఫ్యానునే. అత్త జ్ఞానాంబ అయితే, ఆ చక్కెర డబ్బా గుర్తొచ్చినప్పుడల్లా తిట్టిపోసింది.

ఇప్పుడా అత్త గోడవారన కూర్చుని, పక్కింటి సిద్ధమ్మకు జాబు రాసిపెడుతోంది. రాయడం రాని ఆడవాళ్లకు ఆ వీధిలో ఆమే దిక్కు.

“పోయిన జాబు చదివి మా వియ్యపురాలు అలిగిందక్కా. మనమొకటి రాస్తే ఆయమ్మ ఇంకొకటి అనుకునింది.”

“జాబు సెడగొట్టిందాన్ని జాబే సరిచెయ్యల్ల. ఉండు, అదే సంగతి మళ్లా వేరేగా రాస్తా.” జ్ఞానాంబ తలెత్తి కోడలి మీద కళ్లురిమింది. “ఏమ్మే, కొయ్యబొమ్మ మాదిరి నిలబడుకోనుండావే? కాఫీలు ఇయ్యి. నీ పుణ్యాన ఇంకోసారి నవ్వులపాలయితాం.”

“నేను కాదత్తా...”

“సూస్తాం గదా!”

బొమ్మ వచ్చింది. అదే ఇల్లు, అదే మామ, నడుముకు అదే తాళంచెవి. టీవీలో మామ రాగానే పెళ్లాన్ని నిలదీశాడు.

“ఏమే, మన కథ పోయినేడాదే అయిపోయింది కదా? మళ్లీ నాకీ తాళంచెవి ఎందుకు?”

“చివర బాగాలేదటండీ. మళ్లీ ఆడమన్నారు.”

“అయితే నేనిప్పుడు అరటితొక్క మీద కాలేసి జారిపడాలా?”

“అది పోయినేడాది తొక్కండీ. ఎండిపోయింది. జారదు.”

హాలు ఘొల్లుమంది. పంకజాక్షికి నవ్వు రాలేదు. మునిరామయ్య మెడ వెనక నరం ఉబ్బడమే చూస్తోంది.

అప్పుడు టీవీలో మామ పెళ్లాన్ని వదిలేసి, నేరుగా ఈ హాల్లోకే చూస్తున్నట్టు ఇటు తిరిగాడు.

“పోయినసారి మమ్మల్ని చూసి, ఎక్కడో ఒక మామగారు ఇది మా కోడలి పనే అనుకున్నాడట. ఆ పిల్ల టైపు క్లాసు మాన్పించేశాడట! పాపం, ఆ పిల్లకు ఏమీ తెలియదు.”

అయిపోయింది, అనుకుంది పంకజాక్షి. క్లాసు మాన్పించారన్న మాట ఈ గడప దాటలేదు. ఇంక తను ఏ సామి మీద ఒట్టేస్తే నమ్ముతారు?

“ఎవరండీ ఆ తెలివితక్కువ మామ?” అంది టీవీలో పెళ్లాం.

“మన ఊరాయన కాదులే. మన ఊళ్లో మామలు కోడళ్లను తామే క్లాసులో దిగబెట్టి వస్తారు.” టీవీలో మామ తాళంచెవి ఊడదీసి కోడలి చేతిలో పెట్టాడు. శుభం పడింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. వరదయ్య మెల్లగా ఇటు తిరిగాడు.

“అన్నా, మీ కోడలు కూడా క్లాసుకు పోతా లేదు గదా?”

హాల్లో చూపులన్నీ మునిరామయ్య మొలతాడు మీదికి పోయాయి. ఆయన పంచె పైకి లాక్కున్నాడు.

“తలనొప్పి కదప్పా. తగ్గిపోయినాది. రేపు నేనే తోలుకొని పోతా ఉండాను.”

జనం వెళ్లాక ఆయన టీవీ తలుపులు మూసి, కోడలి వంక చూడకుండానే అన్నాడు. “నువ్వే రాసినావని నాకు తెలుసు. పో, పరీచ్చ రాసుకో.”

కాదనడానికి నోరు తెరిచి, క్లాసు గుర్తొచ్చి మూసుకుంది పంకజాక్షి. చెయ్యని తప్పు ఒప్పుకున్నట్టయింది. వంటింట్లోకి వచ్చి పొయ్యి ముందు కూలబడింది.

వెనకే ఎంగిలి లోటాలతో వచ్చిన జ్ఞానాంబ కాలితో తలుపు నెట్టింది.

“అత్తా, తిట్టాలంటే తిట్టు. నిజంగా నేను రాయలా.”

జ్ఞానాంబ సిరా మరకల వేళ్లతో చక్కెర డబ్బా మూత తీసి, కోడలి కాఫీలో రెండు చెంచాలు ఎక్కువే వేసింది. హాలు వైపు ఒకసారి చూసి, చెవి దగ్గరికి వంగింది.

“ఈసారన్నా సరిగ్గా రాసినానా?”