రోజా లేని మనిషి

“తీస్కపో ఆ పళ్లెం!” ఖైరున్నిసా రొట్టెల పళ్లాన్ని విసురుగా అవతలికి నెట్టింది. “ఇంటిల్లిపాది రోజా ఉంటే, పట్టపగలు నేనొక్కదాన్ని తినాల్నా?”

“నీ షుగర్‌కు రోజా పడదని డాక్టరే గాదు అత్తమ్మా, మౌలానా సాబ్ గూడ చెప్పిండు. తినుమన్నది అల్లా హుకుమే,” అంది కోడలు ఫరీదా.

“చిన్నప్పటిసంది ఏ హుకుం కాదన్న? అమరచింత చేన్లల్ల పల్లికాయ పీకిన దినాలల్ల గూడ రోజా ఇడువలే. ఉపాసముండుమంటే సచ్చేదాంక ఉంట. తినుమంటే మాత్రం నాతోని కాదు!”

నిన్న ఎవరికీ చెప్పకుండా రోజా ఉండి, వాకిట్లో కళ్లు తిరిగి పడిపోయిన సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఫరీదా వంటింట్లోకి వెళ్లింది. సాయంత్రం ఇఫ్తార్‌కని వండిన శనగలు చెంచాడు తెచ్చి అత్త ముందు పట్టింది. రోజాతో కోడలి పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

“ఉప్పు సరిపోయిందో లేదో జర చూడు. మేం నాలుక మీద పెట్టరాదాయె. ఇంట్ల నువ్వొక్కదానివే చూడాలె.”

ఖైరున్నిసా చెంచా వంక చాలాసేపు చూసింది. చెయ్యి చాచి అందుకుంది.

“బిస్మిల్లా,” అని నోట్లో వేసుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“ఉప్పే ఎయ్యలేదు గదనే!” అని కోడల్ని కసిరి, పళ్లెం తన ముందుకు లాక్కుంది.