గిజిగాడు వేలాడదీసిన తాటాకు

ఏ ఊరని అడక్కండి గానీ, ఒక వాగు ఒడ్డున గిజిగాడొకడు ఉండేవాడు. అడిగిన పిట్టలకల్లా గూడు అల్లిపెట్టి గింజలు పుచ్చుకోవడం అతని వ్యాపారం. ఆ ఏడు ఒక్కరూ రాలేదు. వానల్లోగా బేరం తగలకపోతే వాగు వదిలిపోవాల్సిందే.

ఏం చేశాడంటారా? రోజూ పొద్దున్నే తాటాకు మీద ముక్కుతో గూడు అల్లే చిట్కా ఒకటి గీసి, అందరికీ కనబడేలా కొమ్మకు వేలాడదీసేవాడు. గూడు గాలికి ఊగకుండా లోపల తడి బంకమట్టి అంటించమని కూడా రాశాడు.

కాకి పడీపడీ నవ్వింది. "ఓరి పిచ్చోడా! గుట్టంతా ఊరికే చెప్పేస్తే ఇంక నీ దగ్గరికెవడొస్తాడ్రా?"

గిజిగాడికీ లోపల గుబులే. అయినా మానలేదు.

మొదటి గాలివాన వెలిసిన పొద్దున పిచ్చుకమ్మ ఎగురుకుంటూ వచ్చింది.

"బాబాయ్, నువ్వు రాసినట్టే మట్టి అంటించాం. గూడు కదిలితే ఒట్టు! పిల్లలు హాయిగా నిద్రపోయారు. మా చెల్లికి కొత్త గూడు నువ్వే అల్లాలి."

"చిట్కాలన్నీ తెలుసుగా, మీరే అల్లుకోవచ్చు కదమ్మా?"

"అల్లుకోవచ్చు. కానీ మా ముఖమైనా చూడకముందే మా పిల్లల్ని కాపాడావు. నిన్ను కాదని ఇంకెవరి దగ్గరికెళ్తాం?"

ఆమె వెనకాల ఇంకో ఏడు జంటలు వచ్చి వాలాయి. గిజిగాడు రెండు రెక్కలూ జోడించి అందరికీ దణ్ణం పెట్టి, గడ్డి తేవడానికి ఎగిరాడు.